గడప బయట చెప్పులు

నర్సింగాపురం,
మెట్‌పల్లి తాలూకా.
మార్చి 1978

తమ్ముడు రాజనర్సుకు అక్క గంగామణి దీవెనలు.

సెలవు మీద వచ్చిన బుచ్చన్న నువ్వు పంపిన పాలపొడి డబ్బా తెచ్చి ఇచ్చాడు. డబ్బా చాలా బాగుంది తమ్ముడూ. మూత ఎంత గట్టిదంటే చీమ కూడా దూరదు. ఇంతకు ముందు పంపిన డబ్బాల్లో ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో చింతపండు పెట్టుకున్నాను. ఇంకోదానికి అడుగున తూట్లు పొడిపించి మట్టి నింపి కొత్తిమీర చల్లాను. ఇది మాత్రం తంబాకుకే. బీడీలు చుట్టేటప్పుడు తంబాకు ఎండిపోకుండా ఉంటుంది.

నీ ఉత్తరంలో ఒక్క మాట నాకు మింగుడు పడలేదు. మీ క్యాంప్ మెస్‌లో మిగిలిన అన్నం రోజూ డ్రమ్ములకెత్తి పారబోస్తారా? వండే చేతులతో నువ్వే పారబోస్తావా? మనల్ని కన్న అవ్వ పోయిన ఏడు మనం గంజి మీద బతికాం. నీకు గుర్తుండదు, అప్పటికి నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు. ఈ మాట బీడీ కార్ఖానాలో చెబితే, "అది దుబాయి గంగామణీ, ఆడ నూనె భూమిలకెల్లి ఊరుతది. అన్నం పారేస్తె ఏమైతది?" అన్నారు. ఖతర్ అని దిద్దడం నేనెప్పుడో మానేశాను. నూనె ఊరితే ఊరనీ, బియ్యం ఊరదు కదా.

శ్రావణంలో నీ అగ్రిమెంటు అయిపోతుంది. ఏ రోజు ఇంటికి చేరతావో ముందుగానే రాయి. ఊరికే అడగడం లేదు, నాకు తెలియాలి.

నీ అక్క,
గంగామణి


రయ్యాన్ రోడ్డు క్యాంప్,
దోహా.
మార్చి 1978

అక్కకు రాజనర్సు దండాలు.

నీ తిట్లు క్షేమంగా చేరాయి. మా పెద్ద వంటమనిషి గులాం నబీకి చదివి వినిపించాను. ఆయన హైదరాబాద్ మనిషి. గరిటె కింద పెట్టి నవ్వి, "మీ అక్క సచ్ బోల్‌రై. గని గింత మందికి అంచనా ఎట్ల కడ్తం భాయ్? తక్కువైతె నన్నే కోసుకొని తింటరు" అన్నాడు.

ఆయన మాటా నిజమే. ఇక్కడ ఎటు చూసినా క్రేన్లే. నిన్న ఇసుక ఉన్న చోట ఇవాళ గోడ లేస్తుంది. రోజూ కొత్త లేబర్ దిగుతారు, పాతవాళ్ళను వేరే సైట్‌కు తోలుతారు. రాత్రికి ఎంతమంది తింటారో పొద్దున ఎవరికీ తెలియదు. అందుకే ఎక్కువ వండుతాం. పుచ్చకాయ తొక్కలు, ఖుబ్జు రొట్టెలు, కొత్తిమీర కాడలు అన్నీ డ్రమ్ములోకే పోతాయి. ఈ ఎండకు ఆ వాసన దగ్గర నిలబడలేం. నీకేదైనా ఉపాయం తోస్తే రాయి, నబీ భాయ్ వింటానన్నాడు.

మా స్టోర్‌లో గిర్గిస్ అని ఈజిప్టు మనిషి ఉన్నాడు, క్రైస్తవుడు. వాళ్ళ పండుగ ముందు పెద్ద ఉపవాసమట. ఉపవాసమంటే పస్తు కాదు. మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టడు. అలా దగ్గర దగ్గర రెండు నెలలు. అయినా బియ్యం బస్తా భుజాన వేసుకొని ఈల వేస్తూ వస్తాడు. ఏం మనిషో అర్థం కాదు!

నువ్వు మాత్రం రెండు పూటలా పాలు కలుపుకొని తాగు. తంబాకు దుమ్ములో కూర్చునేదానివి. పొడి అయిపోగానే రాయి, ఎవరి చేతనైనా పంపుతాను.

నీ తమ్ముడు,
రాజనర్సు


నర్సింగాపురం.
ఏప్రిల్ 1978

తమ్ముడికి దీవెనలు.

ఉపాయం అడిగావు కనుక చెబుతున్నాను. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు, రాత్రి మెస్‌లో తినే ప్రతివాడూ ఒక ఖర్జూరం గింజ డబ్బాలో వేసి పోవాలి. సాయంత్రం గింజలు ఎన్ని ఉంటే అంతమందికే ఎసరు పెట్టండి. ఖాళీ డబ్బాలు మీ దగ్గరే బోలెడుంటాయి. మా కార్ఖానాలో లెక్క రాని ముసలమ్మలు బీడీ కట్టలను చింతగింజలు పెట్టే లెక్కేసుకుంటారు, ఎప్పుడూ తప్పు పోదు.

పుచ్చకాయకు పైన పచ్చ చెక్కు తీసేసి, లోపలి తెల్లదాన్ని ఆనపకాయలా తరిగి పప్పులో వెయ్యి. కొత్తిమీర కాడలు దంచి చారులో వెయ్యి. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో పెట్టు. మన ఊరివాళ్ళుంటే సంబరంగా తింటారు. మీ ఎండలో ఎక్కువసేపు ఆగదేమో, అది నువ్వే చూసుకో. ఖుబ్జు రొట్టె ఎలా ఉంటుందో నాకు తెలియదు, దాని సంగతి మీ నబీ భాయ్‌నే అడుగు.

ఆ గిర్గిస్ ఏం తింటాడు? పొద్దున ఏమిటి, రాత్రి ఏమిటి? కళ్ళు తిరగవా అతనికి? కాళ్ళు గుంజవా? పెరుగు లేని అన్నం గొంతు ఎలా దిగుతుందో అడిగి వివరంగా రాయి. ఊరికే తెలుసుకుందామని.

పాలపొడి బాగా అక్కరకొచ్చింది. పక్కింటి హబీబున్నీసా చంటివాడు కుండలా తయారయ్యాడు.

నీ అక్క,
గంగామణి


దోహా.
మే 1978

అక్కా,

నీ గింజల డబ్బా మెస్ వాకిట్లో వేలాడుతోంది. పొద్దున్నే నబీ భాయ్ తలుపు దగ్గర నిలబడి "యల్లా, గుఠ్లీ డాలో! గింజ లేకుంటె బువ్వ లేదు!" అని అరుస్తాడు. మొదట్లో అందరూ నవ్వారు. గింజ వేయనివాళ్ళకు ఒక రాత్రి నిజంగానే పప్పు నీళ్ళు మిగిలేసరికి నవ్వడం మానేశారు. మూడు డ్రమ్ములు పారబోసేవాళ్ళం, ఇప్పుడు ఒకటి కూడా నిండడం లేదు. పుచ్చకాయ పప్పు తిని బుచ్చన్న తమ్ముడు "ఇది ఆనిగెపుకాయనే" అని పందెం కాసి ఓడాడు. ఎండిన ఖుబ్జును షహానియాలో ఒంటెలు కాసే నిజామాబాద్ మనిషి వచ్చి తీసుకుపోతున్నాడు.

గిర్గిస్ ఉపవాసపు తిండి రాస్తున్నాను. పొద్దున ఫూల్ అని, మన బబ్బెర్లకంటే పెద్ద గింజలు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి నూనె, నిమ్మరసం, జీలకర్ర వేసి రొట్టెతో తింటాడు. రాత్రికి అన్నంలో మసూర్ పప్పు, వేయించిన ఉల్లిగడ్డ. తెల్ల నువ్వులు నూరిన ముద్ద ఒకటి ప్రతి పూటా ఉండాలి. ఆకుకూర గడ్డి మేసినట్టు మేస్తాడు, దాని మీద కూడా నిమ్మకాయ పిండుతాడు. కళ్ళు తిరుగుతాయా అని అడిగితే, "నీ వంట తిన్నరోజు తిరుగుతాయి" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీ కొత్త పని పట్టింది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాను అక్కా. సెలవుకు బదులు జీతమే తీసుకుంటున్నాను. కాబట్టి శ్రావణానికి రాను. ఈ రెండేళ్ళూ గట్టిగా నిలబడితే నీ చేతిలోంచి ఆ కత్తెర, ఆ బీడీల చాట తీసి అవతల పారేయొచ్చు. నువ్వు వంగి వంగి దగ్గుతుంటే చూసిన రోజే అనుకున్నాను. ఇంకెవరి కోసమూ కాదు, నీ కోసమే.

రెండు డబ్బాలు పంపుతున్నాను. తాగు.

నీ తమ్ముడు,
రాజనర్సు


నర్సింగాపురం.
మే 1978

తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం అందింది. సంతకం పెట్టావు కదా, మంచిది. ఆలోచించే పెట్టి ఉంటావు.

ఇక డబ్బాలు పంపకు. ఇంట్లో చోటు లేదు.

అక్క


దోహా.
జూన్ 1978

అక్కా,

బుచ్చన్న మూడు నెలల సెలవు ముగించుకొని నిన్న తిరిగొచ్చాడు. చెప్పకూడదని నువ్వు ఒట్టు పెట్టించుకున్నావట. పాపం, వాడు అన్నం ముందు కూర్చొని ఆ ఒట్టును ఎక్కువసేపు మోయలేకపోయాడు.

"మీ అక్క కార్ఖానా వాకిట్లనే పడిపోయిందిరా నర్సూ. తునికాకు కట్ట నెత్తి మీదికెల్లి ఓదిక్కు, ఆమె ఓదిక్కు. మెట్‌పల్లి డాక్టరమ్మ కండ్లు గుంజి చూసి, ఒంట్ల రక్తం లేదమ్మా అన్నది. పాలు తాగు, గుడ్డు తినుమన్నది. మీ అక్క తల కూడ ఊపలే. నువ్వు పంపిన పొడి ఆ హబీబున్నీసా పిల్లలు తాగుతున్నరు. ఈమె తాన డబ్బాలే మిగిలినయ్."

ఇది విని నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నేను సగం తిని సగం దాచుకొని పంపింది ఊరి పిల్లల కోసమా? హబీబున్నీసా మంచిదే, కాదనను. కానీ నా అక్క నేల మీద పడి ఉంటే ఎవరి పిల్లలు ఎంత బొద్దుగా ఉంటే నాకేం? "డబ్బా చాలా బాగుంది" అని రాశావు. పాల గురించి ఒక్క ముక్క రాయలేదు. నేనెంత మొద్దునంటే, రెండేళ్ళుగా అదే గమనించలేదు.

ఎందుకు తాగవు? నా మీద ఒట్టు, నిజం రాయి.

రాజనర్సు


నర్సింగాపురం.
జులై 1978

నా తండ్రీ,

ఒట్టు పెట్టావు. ఇక దాచను.

నువ్వు బొంబాయి రైలెక్కాక నాలుగు నెలలు ఉత్తరం లేదు. ఏజెంటు నిన్ను లాంచీ ఎక్కించాడని ఒకరన్నారు. ఆ లాంచీ మునిగిందని ఇంకొకరన్నారు. నాకు పెళ్ళయి, ఆయన పోయి, పిల్లాజెల్లా లేక ఉన్నది నువ్వొక్కడివి. వేములవాడ నడిచిపోయి తడిబట్టలతో నిలబడి మొక్కాను. "రాజన్నా, నా తమ్ముడు బతికుండాలె. వాని కాలు నా కడప తొక్కెదాకా పాలు, పెరుగు, నెయ్యి, మాసం, గుడ్డు ముట్ట" అన్నాను. ఇంటికొచ్చేసరికి పోస్టుమాన్ నీ ఉత్తరంతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. దేవుడు తన మాట అంత తొందరగా నిలబెట్టుకున్నాక నేనెలా తప్పను?

నీకు రాస్తే పని వదిలేసి పరుగెత్తుకొస్తావని భయపడ్డాను. శ్రావణం ఎంత దూరంలే అనుకున్నాను. నీ సంతకం సంగతి చదివిన రోజు మాత్రం తలుపేసుకొని ఏడ్చాను. నీ మీద కోపంతో కాదు తమ్ముడూ. నా కోసం పెట్టిన సంతకమే నా మొక్కును పొడిగించింది, ఇది ఎవరికి చెప్పుకోను?

పెరుగు లేక అన్నం సయించదు. గొడ్డుకారం, పచ్చిపులుసు వేసుకొని నాలుగు ముద్దలు తిని లేస్తాను. ఇంకేమైనా రుచిగా వండుకుంటే మొక్కుకు మోసం చేసినట్టు ఉండేది. మొక్కంటే కష్టపడాలి కదా అనుకున్నాను. నీ గిర్గిస్ సంగతి అందుకే అడిగాను.

ఇంకో రెండేళ్ళు ఉండగలనో లేదో తెలియదు. కానీ మాట తప్పను, నన్ను బలవంతపెట్టకు.

గంగామణి


దోహా.
జులై 1978

అక్కా,

నీ ఉత్తరం చదివి మేనేజర్ దగ్గరకు పరుగెత్తాను. ఇంటికి పంపమని, నెల రోజులు చాలని బతిమాలాను. పాస్‌పోర్టు ఉన్న బీరువా వైపు చూపించి "మాఫీ" అన్నాడు, లేదు అని. సంతకం పెట్టింది నేనే కదా. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, నేను చేసిన మేలు అలా ఉంది.

స్టోర్ వెనక కూర్చొని ఏడుస్తుంటే గిర్గిస్ వచ్చాడు. అతని అరబ్బీ, నా హిందీ కలిపి అంతా చెప్పాను. అతను నన్ను ఓదారుస్తాడనుకున్నాను, కోప్పడ్డాడు. "మీ అక్క దేవుడికి పాలు మానతానంది. పప్పు మానతానందా? నువ్వులు మానతానందా? మా అమ్మ ఏడాదిలో సగం రోజులు ఈ ఉపవాసాల్లోనే ఉంటుంది, ఇప్పటికీ నన్ను కొట్టగలదు. పాలు తీసేసిన చోట ఖాళీ ఉంచితే మనిషి పడిపోతాడు. అక్కడ ఇంకోటి పెట్టాలి" అన్నాడు.

కాబట్టి విను. పెరుగు పోయిన చోట నువ్వులు పెట్టు. వేయించి, బెల్లం వేసి దంచి రోజూ ఒక ముద్ద తిను. పొద్దున తైద అంబలి తాగు. మధ్యాహ్నం అన్నం తగ్గినా సరే, పప్పు ముద్దగా ఉండాలి. ఒకరోజు పెసలు, ఒకరోజు శెనగలు, ఒకరోజు ఉలవలు, బబ్బెర్లు, ఇలా మార్చుకో. సాయంత్రం గుప్పెడు పల్లీలు. పెరట్లో మునగచెట్టు ఉంది, దాని ఆకు మేకలకు వేయకు, పప్పులో వేసుకొని నిమ్మకాయ పిండుకో. తిన్న వెంటనే చాయ తాగితే ఆకుకూరలోని బలం ఒంటికి పట్టదని మా క్యాంప్ కాంపౌండర్ చెప్పాడు. డాక్టరమ్మ ఇచ్చే రక్తం గోలీలు, సూదులు మానొద్దు. వాటి గురించి నువ్వు రాజన్నకు ఏ మాటా ఇవ్వలేదు.

రుచిగా తింటే మోసం కాదు అక్కా. నేను వచ్చేసరికి నువ్వు లేకపోతే, అప్పుడు నేను తొక్కే గడప ఎవరిది?

ఇవాళ్టి నుంచి నేను కూడా పాలు, మాంసం మానేశాను. నువ్వొక్కదానివే మొయ్యడం నాకు నచ్చలేదు. నబీ భాయ్ "వంటోనివి, రుచి చూడకుండ మటన్ ఎట్ల వండుతవ్ రా?" అని తల పట్టుకున్నాడు. ఉప్పు చూసే పని ఇకమీద ఆయనదే.

ఇంకొకటి. బుచ్చన్న ఒక ఉపాయం చెప్పాడు. "మనిషి పోకుంటె ఏమాయె, నీ కాలి చెప్పులు పంపు. అవి కడప దాటితె నువ్వు దాటినట్టే, మొక్కు తీరినట్టే" అన్నాడు. సెలవు మీద ఊరికొస్తున్న మల్లన్న చేత పంపుతున్నాను. రెండేళ్ళు తొడిగిన చెప్పులు, నా పాదం అచ్చు దిగిపోయి ఉంది. పూజారిని అడుగు. డబ్బా కూడా ఉంది, ఈసారి అందులో ఖర్జూరాలే.

రాజనర్సు


నర్సింగాపురం.
అక్టోబర్ 1978

తమ్ముడికి దీవెనలు.

మల్లన్న నీ చెప్పులను కొత్త తువ్వాలలో చుట్టి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు తెచ్చాడు. వాడకట్టంతా వచ్చి నిలబడింది. "లోపల పెట్టు గంగామణీ, మొక్కు తీరిపోతది" అన్నారు. హబీబున్నీసా గిన్నెలో పెరుగు పట్టుకొని మరీ వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ పెరుగు వాసనకు నా నోరూరింది. చెప్పులు చేతిలోకి తీసుకున్నాను. నీ బొటనవేలి గుంట కనిపించింది, దాన్ని తడిమాను.

కానీ నువ్వూ బుచ్చన్నా కలిసి ఒకటి మరచిపోయారు. మనింట్లో చెప్పులు ఎప్పుడైనా గడప దాటాయిరా? చిన్నప్పుడు మరచిపోయి లోపలికి తొడుక్కొని వస్తే వీపు చిట్లగొట్టలేదా నిన్ను? బయట విడిచి, కాళ్ళు కడుక్కొని రావాల్సిందే. దేవుడి పేరు చెప్పి ఆ పద్ధతి తప్పలేను. అందుకే గడప బయట, నువ్వు ఎప్పుడూ విడిచే చోటే పెట్టాను. పెరుగు గిన్నె వెనక్కి పంపాను.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, నా మునగచెట్టు మాత్రం పనికొచ్చింది. నువ్వు రాసినట్టే తింటున్నాను. మొదటి వారం నువ్వుల ముద్ద తింటుంటే తప్పు చేస్తున్నట్టు చెయ్యి ఆగింది. అప్పుడు నీ గిర్గిస్ మాట తలచుకొని ఇంకో ముద్ద తిన్నాను. ఆనపకాయ చెక్కు, బీరకాయ చెక్కు పారేయకుండా నువ్వులతో తొక్కు నూరుతున్నాను. ఆకు ఎక్కువైన రోజు నీడన ఎండబెట్టి పొడి కొట్టి డబ్బాల్లో పోస్తున్నాను. కార్ఖానాలో కళ్ళు తిరిగే ఆడవాళ్ళు నేనొక్కదాన్నే కాదు. మధ్యాహ్నం అందరం సద్దులు విప్పి కలుపుకొని తింటున్నాం. ఒకరు శెనగలు తెస్తే ఒకరు ఆకుకూర తెస్తారు. దానికి 'దుబాయి సద్ది' అని పేరు పెట్టారు.

డాక్టరమ్మ మళ్ళీ కళ్ళు గుంజి చూసింది. "ఏం తింటున్నవమ్మా?" అంది. చెప్పాను. గోలీలు ఇంకా మింగమంది, సూది వేస్తూనే ఉంది. కానీ మెట్‌పల్లి బస్టాండు నుంచి ఆసుపత్రికి ఈసారి ఎక్కడా కూర్చోకుండా నడిచాను.

నువ్వు మానడం మాత్రం నాకు నచ్చలేదు. కానీ చదివి రెండు రోజులు నా మొహం మీద నవ్వు పోలేదు.

నీ అక్క,
గంగామణి


దోహా.
జూన్ 1980

అక్కా,

మేనేజర్ మళ్ళీ కాగితం ముందు పెట్టాడు. నబీ భాయ్ ఇంటికి పోతున్నాడు, ఆయన చోటు నీకిస్తానన్నాడు. పెద్ద వంటమనిషి! ఇంకో రెండేళ్ళు. అతనే కలం మూత తీసి నా చేతికిచ్చాడు.

నేను కలం మూత పెట్టి తిరిగి ఇచ్చాను. "మాఫీ" అన్నాను.

బయటకొచ్చాక దాచిన డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. తప్పు చేశానా అక్కా? నీ బీడీల చాట అవతల పారేయాలని వచ్చాను. కొంత కూడబెట్టాను, కానీ అనుకున్నంత కాలేదు. గిర్గిస్ మాత్రం నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నీకివ్వమని సంచీడు ఫూల్ గింజలు ఇచ్చాడు. డబ్బాలు మోయగలిగినన్ని తెస్తున్నాను. గింజల డబ్బా మాత్రం మెస్ వాకిట్లోనే ఉంచేశాను, కొత్తవాళ్ళకు కావాలి.

శ్రావణంలో వస్తున్నాను.

రాజనర్సు


నర్సింగాపురం.
జులై 1980

నా తండ్రీ,

తప్పు చేయలేదు. చాట సంగతి తర్వాత చూసుకుందాం. మెట్‌పల్లి బస్టాండు దగ్గర నువ్వు పొయ్యి పెడితే, ఇద్దరం కలిసి నలుగురికి వండలేమా? మన దగ్గర ఒక్క మెతుకు కూడా పారబోత ఉండదు.

హబీబున్నీసా ఒక గిన్నె పెరుగు తోడు పెడతానంది. ఒక్క గిన్నె చాలన్నాను. నువ్వొచ్చాక చెరి సగం తిని మొక్కు తీర్చుకుందాం. ఆ తర్వాత నీ ఇష్టం. నాకు మాత్రం నా మునగాకు పప్పే నోటికి హితవుగా ఉంది. ఎప్పుడైనా ఇంత పెరుగు వేసుకుంటానేమో.

రెండేళ్ళుగా వాకిలి ఊడ్చినప్పుడల్లా నీ చెప్పులు పక్కకు జరిపి, ఊడ్చాక మళ్ళీ అక్కడే పెడుతున్నాను. వానలో తడవకుండా పైన డబ్బా రేకు కప్పాను. ఇంట్లో మగదిక్కు ఉందనుకొని కొత్త బిచ్చగాళ్ళు "అయ్యా" అని పిలుస్తారు. లేడని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇప్పుడు కాలికి ఏవి తొడుక్కొని వస్తావో, వాటిని ఆ పాతవాటి పక్కన విడువు. బిందెతో నీళ్ళు అక్కడే పెడతాను, కాళ్ళు కడుక్కో. నేను లోపలే నిలబడి ఉంటాను, ఎదురు రాను. వట్టి కాళ్ళతో నువ్వే లోపలికి రా.

నీ అక్క,
గంగామణి